సర్ ఆంబ్రోజ్ గారి చివరి పేరా

లండన్ మార్నింగ్ బీకన్,
ఫ్లీట్ స్ట్రీట్, లండన్.
5 మార్చి 1956

గౌరవనీయులైన మేజర్ జనరల్ సర్ ఆంబ్రోజ్ టిల్‌బ్రూక్ గారికి,

ఈ పత్రికలో జీవిత విశేషాల విభాగం చూసే సిరిల్ డాబ్నీ నమస్కరించి రాసుకుంటున్నది.

దేశానికి సేవ చేసిన పెద్దల జీవితకథలు ముందుగానే రాయించి సొరుగుల్లో భద్రం చేసుకోవడం మా వంటి పత్రికల అలవాటు. సమయం వచ్చినప్పుడు తడుముకునే పని ఉండదు. మీ పేరున్న సొరుగు తెరిచి చూస్తే లోపల ఒకే ఒక కాగితం కనిపించింది. అది 1902లో రాసింది. అందులో మిమ్మల్ని "మంచి భవిష్యత్తు ఉన్న కుర్ర అధికారి" అన్నారు. తమకిప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లు కాబట్టి ఆ వాక్యాన్ని కొంత సవరించవలసి ఉంటుందేమోనని నా అభిప్రాయం.

ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చిందని మీరు అడగవచ్చు. పేరు రాయని శ్రేయోభిలాషి ఒకరు మీ ఆరోగ్యం ఈమధ్య బాగా తగ్గిందని మాకు ఉత్తరం రాశారు. అది నిజం కాకూడదని కోరుకుంటూనే, మీ పుట్టుక, చదువు, యుద్ధాలు, గాయాలు, బిరుదుల వివరాలు పంపవలసిందిగా వేడుకుంటున్నాను. మా వైపు నుంచి తొందరేమీ లేదు.

మీ విధేయుడు,
సిరిల్ డాబ్నీ

తా.క. ఇది ఎప్పుడు అచ్చవుతుందని మాత్రం దయచేసి అడగకండి. ఆ రోజును నిర్ణయించే అధికారి మా ఆఫీసులో లేడు.


ఫెయిర్‌లాన్ హోటల్,
సిడ్‌మత్, డెవన్.
8 మార్చి

డాబ్నీ గారికి,

మీ ఉత్తరం అందింది. అడిగిన వివరాలు ఇవి.

పుట్టాను. చదువు అంతగా అబ్బలేదు, అందుచేత సైన్యంలో చేరాను. దక్షిణాఫ్రికాలో కొంతకాలం, మెసపొటేమియాలో కొంతకాలం, ఫ్రాన్సులో కొంతకాలం ఉన్నాను. మెసపొటేమియాలో భోజనానికి కొంచెం ఇబ్బంది అయింది. ఫ్రాన్సులో కాలికి కొంచెం తగిలింది. 1935లో ఇంటికి పంపారు. మొన్నటి యుద్ధంలో మళ్లీ పిలిచి ఒక ఆఫీసులో కూర్చోబెట్టారు. కుర్చీ బాగానే ఉండేది.

ఇంతకు మించి చెప్పుకోదగ్గది ఏమీ లేదు. ఆరోగ్యం బాగానే ఉంది. శ్రేయోభిలాషులు పొరబడుతుంటారు.

ఎప్పుడు అచ్చు వేస్తారు? నాకు మంగళవారం అయితే అనుకూలం.

ఇట్లు,
ఆ. టిల్‌బ్రూక్

తా.క. ఈ హోటల్లో ఒకావిడ మీ పత్రిక చదువుతారు. సోమవారాలు ఆవిడ జుట్టు చేయించుకోవడానికి పెందలాడే వెళ్లిపోతారు. అందుకని సోమవారం వద్దు.


లండన్ మార్నింగ్ బీకన్
14 మార్చి

గౌరవనీయులైన సర్ ఆంబ్రోజ్ గారికి,

మీ ఉత్తరం చదివి, చేతికర్ర మీద ఆనుకుని నడిచే ఒక సాధారణ గుమాస్తా జీవితం చదివినట్టు అనిపించింది. అనుమానం వచ్చి యుద్ధ మంత్రిత్వశాఖకు వెళ్లి పాత రికార్డులు చూశాను.

మీరు "భోజనానికి కొంచెం ఇబ్బంది" అన్నది ఒక మట్టికోటలో శీతాకాలమంతా సాగిన ముట్టడి అట. చివరి వారాల్లో మీరూ మీ మనుషులూ గుర్రాల జీనులు, బూట్లు ఉడకబెట్టుకు తిన్నారట. మీ వంతు బూటును ఒక జ్వరపీడితుడికి ఇచ్చి మీరు బెల్టు తిన్నారని రికార్డులో ఉంది. "కాలికి కొంచెం తగిలింది" అన్నది, కూలిపోతున్న వంతెన మీదికి మళ్లీ వెనక్కి వెళ్లి కంచరగాడిదలు తోలేవాళ్లను లాక్కొస్తున్నప్పుడు ఆ వంతెన మీ మీద పడడం. సర్, ఇది "కొంచెం" అయితే మా దగ్గర "చాలా" అనే మాటకు ఇక పని ఉండదు.

ఒక్క విషయం మాత్రం రికార్డుల్లోనూ సరిగా లేదు. 1901లో స్టీల్‌ఫాంటైన్ కొండను ఒక్క తూటా పేలకుండా పట్టుకున్నారని ఉంది. ఎలా పట్టుకున్నారో లేదు. అది మీరే చెప్పాలి.

మరొక వివరం కూడా కావాలి. ఇలాంటి వ్యాసాలు కుటుంబం ప్రస్తావనతో ముగించడం ఆనవాయితీ. మీ శ్రీమతి గారి పేరేమిటి?

మీ విధేయుడు,
సిరిల్ డాబ్నీ

తా.క. మంగళవారం సంగతి. ఏ మంగళవారమో నేను చెప్పలేను. అది చాలా దూరపు మంగళవారం కావాలని మా ఆఫీసులో అందరమూ కోరుకుంటున్నాం.


ఫెయిర్‌లాన్ హోటల్
19 మార్చి

డాబ్నీ గారికి,

స్టీల్‌ఫాంటైన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కొండ మీద మా శత్రువులైన బోయర్ల దళం ఉండేది. వాళ్ల నాయకుడు డూ ప్రే అనే పెద్దమనిషి, గడ్డం బొడ్డుదాకా ఉండేది. కింద నేనూ ఇరవైమంది మనుషులమూ. ఎక్కి పోరాడితే ఒక్కడూ మిగలడు. అందుకని కొండ కింద డేరా వేసుకుని, దారి తప్పిపోయానని, క్రూన్‌స్టాట్ ఊరికి ఎటు పోవాలని ఆయనకు ఉత్తరం రాశాను. ఆయన దారి రాసి పంపాడు. నేను మ్యాపు తలకిందులుగా పట్టుకుని ఆయనకు కనపడేలా అటూ ఇటూ తిరిగి, అర్థం కాలేదని మళ్లీ రాశాను. ఆయన బొమ్మ గీసి పంపాడు. నేను తప్పు దిక్కున బయల్దేరి మళ్లీ అక్కడికే వచ్చాను. ఇలా కొన్నాళ్లు జరిగింది. చివరికి ఆయనకు విసుగొచ్చి, "ఈ వెధవాయిని ఊరికి చేర్చి వస్తే తప్ప నాకు తిన్నది అరగదు" అని తన రౌతులందరినీ వెంటేసుకుని స్వయంగా దిగి వచ్చాడు. ఆయన ఒక వైపు నాకు దారి చూపిస్తుంటే, నా సార్జెంటు మరో వైపు నుంచి ఖాళీ కొండ ఎక్కేశాడు. అంతే. డూ ప్రే తర్వాత నాకు మంచి స్నేహితుడయ్యాడు. బతికినన్నాళ్లూ క్రిస్మస్‌కి ఎండు మాంసం పంపేవాడు, దాంతోపాటు ఒక మ్యాపు కూడా.

ఇక భార్య పేరు. నేను పెళ్లి ప్రయత్నంలో ఉన్న సంగతి మీకు ఎవరు చెప్పారు? మా హోటల్లో ఉండే కర్నల్ హక్స్‌టబుల్ రాసి ఉండాలి. ఎలాగూ తెలిసింది కాబట్టి చెబుతున్నాను. భార్య లేదు. ఫిబ్రవరిలో ప్రయత్నం చేశాను. మిసెస్ హెస్టర్ పెన్‌రోజ్ అని, నేను చెప్పిన పత్రిక చదివే ఆవిడే. భర్త పోయి చాలా ఏళ్లయింది. సముద్రం ఒడ్డున బెంచీ మీద కూర్చున్నాం.

"ఇక్కడ గాలి బాగుంది, మిసెస్ పెన్‌రోజ్," అన్నాను.

"బాగుంది, జనరల్ గారూ."

"మనం పెళ్లి చేసుకుంటే ఇంకా బాగుంటుందేమో."

ఆవిడ గొడుగు మూసి నా వైపు తిరిగారు. "చేసుకోమంటే చేసుకుంటాను, దానికేం. ఎవర్ని చేసుకుంటున్నానో తెలియొద్దూ? మూడేళ్లుగా ఎదురెదురు బల్లల దగ్గర టిఫిన్ తింటున్నాం. మీ గురించి నాకు తెలిసింది ఒక్కటే, మీకు మార్మలేడ్ జామ్ గిట్టదని. ఇంతకీ మీరేం చేసేవారు?"

"సైన్యంలో ఉండేవాణ్ణి."

"ఎక్కడ?"

"విదేశాల్లో. కొంచెం."

"బాగుంది. మా పోస్ట్‌మ్యానూ అంతే చెబుతాడు. ఇంకాస్త చెప్పండి."

"అక్కడ కొంచెం ఎండగా ఉండేది."

ఆవిడ నిట్టూర్చి గొడుగు మళ్లీ తెరిచారు. నేనేం చెయ్యను? సొంత గొప్ప చెప్పుకోవడమంటే మా ఇంట్లో భోజనాల బల్ల మీద కాళ్లు బారజాపడంతో సమానం. హక్స్‌టబుల్‌కి ఆ బాధ లేదు. రోజూ భోజనం దగ్గర తాను కొట్టిన పులి కథ చెబుతాడు. నిన్న ఆ పులి సూపు దగ్గర తొమ్మిది అడుగులు ఉండేది, పుడ్డింగ్ వచ్చేసరికి పదకొండయింది.

జూన్‌లో మిసెస్ పెన్‌రోజ్ ఓడెక్కి కెనడాలో చెల్లెలి దగ్గరికి శాశ్వతంగా వెళ్లిపోతున్నారు. నా నోటితో నేను చెప్పుకోలేనిది మీరు అచ్చు వేస్తే ఆవిడే చదువుకుంటారు. కాబట్టి ఏప్రిల్ దాటకుండా వెయ్యండి.

ఇట్లు,
ఆ. టిల్‌బ్రూక్

తా.క. ఆవిడ పత్రిక తెరవగానే ముందు చదివేది పోయినవాళ్ల పేజీ. "చూద్దాం, ఇవాళ ఎవరెవరు బయల్దేరారో" అంటూ చదువుతారు. నా వ్యాసం ఆ పేజీకి దగ్గర్లో ఎక్కడైనా వేస్తే ఆవిడ కంట పడుతుంది.


లండన్ మార్నింగ్ బీకన్
26 మార్చి

గౌరవనీయులైన సర్ ఆంబ్రోజ్ గారికి,

మీ ఉత్తరాన్ని మా టైపిస్టు మిస్ లవ్‌డేకి చదివి వినిపించాను. ఆవిడ కళ్లు తుడుచుకుని, "పాపం, ఇంత మంచాయనకి నిజం ఎలా చెప్తారండీ?" అంది. ఏ నిజమో మీరు పట్టించుకోవద్దు. మా ఆఫీసు సొంత గొడవ.

స్టీల్‌ఫాంటైన్ ఘట్టం అద్భుతంగా వచ్చింది. అలాంటి ఎత్తుగడలో పడిన ఆ డూ ప్రే ఎంత అమాయకుడో అని నవ్వుకుంటూ రాశాను.

ప్రచురణ విషయంలో ఒక చిక్కు ఉంది. ఈ రకం వ్యాసం వేయడానికి ఒక సందర్భం రావాలి. సందర్భం రాకుండా వేస్తే పత్రిక పరువు పోతుంది. ఆ సందర్భం మీకు ఎప్పటికీ రాకూడదని నా ప్రార్థన, అయినా ఏదో ఒకనాడు అందరికీ వస్తుంది. మీ వ్యాసం మీరు చెప్పిన పేజీకి దగ్గర్లోనే పడుతుంది, ఆ భరోసా మాత్రం ఇవ్వగలను. అయితే దాన్ని చదివి మిసెస్ పెన్‌రోజ్ సంతోషిస్తారని నేను అనుకోను. ఆ రోజు అందరికన్నా ఎక్కువ బాధపడేది ఆవిడే కావచ్చు.

క్షమించాలి. ఇంతకన్నా స్పష్టంగా రాయడానికి కలం కదలడం లేదు.

మీ విధేయుడు,
సిరిల్ డాబ్నీ

తా.క. కెనడా ప్రయాణం ఆగిపోవాలని మిస్ లవ్‌డే చర్చిలో కొవ్వొత్తి వెలిగించింది.


ఫెయిర్‌లాన్ హోటల్
2 ఏప్రిల్

అయ్యా డాబ్నీ,

నా జీవితం చదివి ఒక పెద్దావిడ బాధపడతారని రాశారు. అంత ఘోరంగా బతికానని నేను అనుకోవడం లేదు.

సందర్భం కావాలన్నారు. ఈ మాట హక్స్‌టబుల్‌తో అన్నాను. "అదేం లెక్కయ్యా టిల్‌బ్రూక్! మనిషి ఊరికే కూర్చుంటే పేపర్లో ఎవడేస్తాడు? ఏదో ఒకటి చెయ్యాలి. నేను పులిని కొట్టలేదూ?" అన్నాడు. హోటల్ చూసుకునే మిస్ గ్రిబుల్ కూడా అదే అంది. "మా మేనమామ చర్చి గడియారం మీంచి పడ్డాడండి. పేపర్లో ఫొటో కూడా వేశారు."

సిడ్‌మత్‌లో పులులు లేవు. గడియారం ఎక్కడానికి కాలు సహకరించదు. ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. ఒడ్డుకు ఎదురుగా సముద్రంలో ఒక రాతిదిబ్బ ఉంది. ఈ నెల ఆరో తేదీ పొద్దున టిఫిన్ కాగానే అక్కడికి ఈదుకుంటూ వెళతాను. డెబ్బై ఎనిమిదేళ్లవాడు ఏప్రిల్ నీళ్లలో ఈదడం మీకు సరిపోయే సందర్భమే అనుకుంటాను.

ముందుజాగ్రత్తగా డాక్టర్‌ని కలిశాను. ఆయన నా గుండె విని, "సర్ ఆంబ్రోజ్, ఆ నీళ్లలోకి దిగితే మర్నాడు పేపర్లో మీ పేరు పడడం ఖాయం" అన్నారు. కాబట్టి ఇందులో అనుమానం ఏమీ లేదు. వైద్యుడే హామీ ఇచ్చాడు.

మీ విలేకరిని ఏ రైలుకు పంపుతున్నారో తెలియజేయండి.

ఇట్లు,
ఆ. టిల్‌బ్రూక్

తా.క. విలేకరి తువ్వాలు తెచ్చుకోనక్కర్లేదు. హోటల్ వాళ్లు ఇస్తారు.


లండన్ మార్నింగ్ బీకన్
4 ఏప్రిల్, ఎక్స్‌ప్రెస్ టపా

సర్ ఆంబ్రోజ్ గారికి,

దిగకండి! దయచేసి దిగకండి. కాళ్లు పట్టుకుని వేడుకుంటున్నాను, మోకాలి లోతు నీళ్లలోకి కూడా దిగకండి.

మీ ఉత్తరం పట్టుకుని మా ఎడిటర్ గారి గదిలోకి పరిగెత్తాను. ఆయన చదివి కళ్లజోడు తీసేశారు.

"ఏంటయ్యా ఇది డాబ్నీ? ఆ పెద్దాయన మన వ్యాసం కోసం చచ్చిపోతానంటున్నాడా?"

"ఆయనకి ఆ సంగతి తెలీదండీ. ఈతకి వెళతానంటున్నారు."

"అదే కదా నేనంటున్నది! మన పేపర్లో పడాలని జనరల్ మునిగిపోయాడని అవతలి పేపరు వాడికి తెలిసిందనుకో, మొదటి పేజీలో వేస్తాడు. నువ్వు అసలు ఏం రాశావ్ ఆయనకి?"

"సందర్భం రావాలని రాశానండీ."

"సందర్భమా! నీ సున్నితం తగలెయ్య. పో, ఏం చేసైనా ఆయన్ని ఒడ్డున కూర్చోబెట్టు."

సర్, మా పత్రిక మొదలైనప్పటి నుంచి ఉన్న నియమం ఒకటి ఉంది. ఇలాంటి వ్యాసాన్ని అందులోని మనిషికి ఎన్నడూ చూపించకూడదు. ఇవాళ ఆ నియమం తప్పుతున్నాను. మీ వ్యాసం అచ్చు ప్రతి దీనితో జతచేశాను. ఇది మిసెస్ పెన్‌రోజ్ గారికి చూపించే ఏర్పాటు కాదు. మీరు మీ గదిలో ఒంటరిగా చదువుకుని, ఈత ఆలోచన మానుకుని, వెంటనే తిప్పి పంపాలి.

మీ విధేయుడు, భయస్థుడు,
సిరిల్ డాబ్నీ

తా.క. పైన శీర్షిక, కింద చివరి పేరా కత్తిరించి ఉన్నాయి. వాటి మీద సిరా ఒలికింది. రెండు చోట్లా ఒకేసారి ఒలికింది.


ఫెయిర్‌లాన్ హోటల్
12 ఏప్రిల్

డాబ్నీ గారికి,

అచ్చు ప్రతి అందింది. ఈత మానుకున్నాను. మిస్ గ్రిబుల్ తువ్వాలు మళ్లీ బీరువాలో పెట్టేసింది.

ఒక చిన్న పొరపాటు జరిగింది. మీరు చెప్పినట్టు గదిలోనే చదువుదామని తీసుకుని, టిఫిన్‌కి దిగినప్పుడు మార్మలేడ్ సీసా పక్కన మర్చిపోయి వచ్చాను. నాకు మార్మలేడ్ గిట్టదు కాబట్టి అటు చూడలేదు. అది ఇష్టమైనవాళ్లు చూశారు.

కాసేపటికి మిసెస్ పెన్‌రోజ్ వరండాలో నా ఎదురుగా వచ్చి నిలబడ్డారు. చేతిలో మీ కాగితాలు.

"కొంచెం ఎండగా ఉండేదా అక్కడ?"

"ఉండేది," అన్నాను.

"భోజనానికి కొంచెం ఇబ్బంది అయిందా? బెల్టు తిన్నారా మీరు? ఆ చేత్తోనే మార్మలేడ్ బాగుండదని పక్కకి నెడతారా?"

"బెల్టుకి ఉప్పు వేశాంలెండి."

"వంతెన మీదికి మళ్లీ ఎందుకెళ్లారు? బుద్ధుందా?"

"మనుషులు ఉండిపోయారు. గాడిదలు కూడా."

ఆవిడ కాగితాలు చివరిదాకా తిప్పారు. తర్వాత, "ఈ చివర కత్తిరించారేం?" అని అడిగారు. సిరా ఒలికిందట అన్నాను. "పైన కూడానా?" అన్నారు. అవునన్నాను. నా వైపు ఒక రకంగా చూసి, "సరే, ఆదివారం చర్చి అయ్యాక మాట్లాడదాం" అని కాగితాలు తీసుకుని మేడెక్కిపోయారు. పైన పెట్టె ఈడ్చిన చప్పుడు వినిపించింది. సర్దుతున్నారో, సర్దినవి తీసేస్తున్నారో కింద నుంచి తెలియదు.

అచ్చు ప్రతి తిప్పి పంపలేకపోతున్నాను. అది ఇప్పుడు నా ఆధీనంలో లేదు.

ఇట్లు,
ఆ. టిల్‌బ్రూక్

తా.క. హక్స్‌టబుల్ కూడా ఆవిడ భుజం మీంచి చదివాడట. రాత్రి భోజనం దగ్గర పులి గురించి ఏమీ మాట్లాడలేదు. సూపు మాత్రం రెండుసార్లు అడిగాడు.


లండన్ మార్నింగ్ బీకన్
13 ఏప్రిల్, ఎక్స్‌ప్రెస్ టపా

సర్ ఆంబ్రోజ్ గారికి,

మీ ఉత్తరం అందినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఆదివారం ఆవిడ మీకు జవాబు చెప్పేలోగా మీరు నిజం తెలుసుకోవడం న్యాయం. ఆవిడ ముందే పసిగట్టి చెబితే మీ పరిస్థితి ఏమవుతుందో ఊహించలేకపోతున్నాను.

సిరా ఒలకలేదు. కత్తెరతో నేనే కత్తిరించాను. నేను చూసే విభాగం జీవించి ఉన్నవాళ్ల కోసం కాదు. మీ కథ నేను రాసింది మీరు పోయిన మర్నాడు వేయడానికి. నేను చెప్పిన సందర్భం అదే. డాక్టర్ గారు హామీ ఇచ్చిందీ దానికే. ఒక మంచి మనిషిని, పెళ్లి ఆశతో ఉన్న మనిషిని, ఆయన చావు వ్యాసం చేతికిచ్చి ప్రియురాలి దగ్గరికి పంపాను. మొదటి ఉత్తరంలోనే సూటిగా రాయవలసింది. మర్యాద అడ్డొచ్చింది. ఆ తర్వాత ప్రతి ఉత్తరంలోనూ మరికాస్త మర్యాద చేశాను, ఇక్కడికి వచ్చింది.

ఈ వ్యాసం వల్ల ఆవిడ కాదంటే, ఆవిడ కాళ్ల మీద పడి తప్పు నాదేనని చెప్పడానికి సిడ్‌మత్ రావడానికి సిద్ధంగా ఉన్నాను. మీరు నన్ను క్షమించనక్కర్లేదు.

సిగ్గుతో,
సిరిల్ డాబ్నీ

తా.క. మిస్ లవ్‌డే కూడా వస్తానంటోంది. ఆవిడ నాకన్నా బాగా ఏడుస్తుంది.


ఫెయిర్‌లాన్ హోటల్
9 మే

నాయనా డాబ్నీ,

జవాబు ఆలస్యమైంది. పెళ్లి పనుల్లో ఉన్నాను. మొన్న శనివారం సిడ్‌మత్ చర్చిలో జరిగింది. హక్స్‌టబుల్ నా పక్కన నిలబడ్డాడు. ఉంగరం ఎక్కడ పెట్టాడో మర్చిపోయాడు, మిగతా అంతా సవ్యంగా జరిగింది.

నీ చివరి ఉత్తరం చదివి నాకు నీ మీద చాలా జాలి కలిగింది. నీకు ఒక సంగతి చెప్పవలసి ఉంది.

రెండు యుద్ధాల్లో, పోయిన కుర్రాళ్ల తల్లులకు నేనే ఉత్తరాలు రాసేవాణ్ణి. చెప్పవలసిన మాట చెప్పకుండా దాని చుట్టూ తిరగడం ఎలాగో నాకు తెలుసు. నీ మొదటి ఉత్తరంలో "సమయం వచ్చినప్పుడు" అన్న మాట దగ్గరే నువ్వెవరో తెలిసిపోయింది. నిజానికి అంతకన్నా ముందే తెలుసు.

ఫిబ్రవరిలో బెంచీ దగ్గర జరిగిన మాటల్లో కొన్ని నీకు రాయలేదు. ఆ రోజు గొడుగు మళ్లీ తెరిచాక హెస్టర్ ఇలా అంది. "పెన్‌రోజ్‌తో ఇరవై ఆరేళ్లు కాపురం చేశానండీ. కుర్రతనంలో ఆయన తుపానులో ఈదుకుంటూ వెళ్లి ఇద్దరు జాలర్లని ఒడ్డుకి లాక్కొచ్చాడట, పతకం కూడా ఇచ్చారట. ఆ సంగతి నేను ఎప్పుడు చదివానో తెలుసా? ఆయన్ని పూడ్చి వచ్చిన మర్నాడు, టిఫిన్ దగ్గర, పేపర్లో. ఎదురుగా చూస్తే కుర్చీ ఖాళీ. ఇక శభాష్ అని ఎవరితో అనను? మీ మగాళ్లంతా ఇంతే. ఈసారి ముందు పేపరు చదివి, తర్వాత మనిషిని చేసుకుంటాను."

నవ్వుతూనే అంది. నేను దాన్ని ఆజ్ఞగా తీసుకున్నాను.

నా గొప్ప నేను చెప్పుకోలేను. బతికున్నవాడికి ఏ పత్రికా అలాంటి వ్యాసం రాయదు. పోయేవాడికి రాస్తుంది గానీ వాడికి చూపించదు. చూశావా, స్టీల్‌ఫాంటైన్ కొండలాగే ఉంది. ఎక్కి పట్టుకోవడం కుదరదు. లోపలివాడే విసుగెత్తి కిందికి దిగి రావాలి. అందుకని దారి తప్పినవాణ్ణయ్యాను. ఏ మంగళవారం అని అడిగాను. సందర్భం నేనే కల్పిస్తానన్నాను. పాపం, నువ్వు ప్రతిసారీ ఓపిగ్గా దారి చూపించావు. చివరికి అచ్చు ప్రతి చేత్తో పట్టుకుని నువ్వే దిగి వచ్చావు. డూ ప్రే అమాయకుడని నవ్వుకుంటూ రాశానన్నావు కదా. ఆయన బతికుంటే ఈ క్రిస్మస్‌కి నీకూ ఒక మ్యాపు పంపేవాడు.

ఈత గురించి నువ్వు అనవసరంగా భయపడ్డావు. నాకు ఈత రాదు.

ఇక హెస్టర్. ఆ కాగితాల్లో మొదటి రెండు వాక్యాలు చదవగానే అదేమిటో ఆవిడకు తెలిసిపోయిందట. రోజూ ఆ పేజీయే కదా చదివేది. నాకు తెలియదేమోనని, తెలిస్తే గుండె ఆగుతుందేమోనని, కత్తిరించిన చోట్ల గురించి అడిగి నా ముఖం చూసింది. నేనేమో ఆవిడకు తెలిస్తే అపశకునం అనుకుంటుందేమోనని సిరా కథ చెప్పాను. ఆదివారం చర్చి నుంచి బెంచీ దాకా ఇద్దరం వాతావరణం గురించే మాట్లాడుకున్నాం. బెంచీ మీద కూర్చున్నాక ఆవిడే అంది.

"ఆంబ్రోజ్, ఇదేమిటో మీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచి."

"మరి ఆ ఈత?"

"అదీ ఇందుకే."

నవ్వీ నవ్వీ ఆవిడ గొడుగు సముద్రంలో పడింది. నేను దిగి తెస్తానన్నాను. "మీరు దిగితే చివరి పేరా నేను రాయాల్సొస్తుంది, కూర్చోండి" అని చెయ్యి పట్టుకుంది. ఇంకా వదల్లేదు. అందుకే ఈ ఉత్తరం ఇన్నాళ్లు పట్టింది.

అచ్చు ప్రతి తిప్పి పంపుతున్నాను. పెన్సిల్ దిద్దుబాట్లు హెస్టర్‌వి. "కొంచెం" అన్న చోటల్లా కొట్టేసింది. కత్తిరించిన చివరి పేరా తానే రాసి అతికించింది. అది ఇలా ఉంది: "ఆయనకు భార్య ఉంది. ఆవిడ అన్నీ ముందే చదివి, శభాష్ చెప్పి, ఆ తర్వాతే చేసుకుంది." ఇందులో ఒక్క అక్షరం కూడా మార్చడానికి వీల్లేదని మీ ఎడిటర్ గారికి చెప్పు.

మీ ఆఫీసుకు నా ఆరోగ్యం తగ్గిందని ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చిందన్నావు. దాన్ని పారెయ్యక భద్రంగా ఉంచు, మనవలకు చూపించుకోవచ్చు. ఎడమచేత్తో రాయడం చాలా కష్టం.

నీ శ్రేయోభిలాషి,
ఆంబ్రోజ్ టిల్‌బ్రూక్

తా.క. హెస్టర్ రోజూ టిఫిన్ దగ్గర ముందు ఆ పేజీయే తెరుస్తోంది. నా పేరు లేదని చూసుకుని, మార్మలేడ్ నా వైపు జరుపుతోంది. తింటున్నాను. మా వైపు నుంచీ తొందరేమీ లేదు.